గేజీ యాడుంది

శివలీల కడుపులోంచి
చిటికెన వేలంత పేగు ముక్కొకటి తీసినారు.
దాంతో ఒంటికి ఏ పనీ లేదంట, డాక్టరే చెప్పినాడు.
పనిలేని ముక్కకు అరవై రెండు వేలు.
కెమెరా కోసం అది రెండేండ్లు దాచుకున్న దుడ్డు
మూడు రాత్రుల మంచం కింద కరిగిపోయింది.

ఆ వారమంతా ఆల్బం షాపులో దాని కుర్చీ ఖాళీ.
పెండ్లికూతుళ్ల మొహాల మీది మొటిమలు
నేనొక్కదాన్నే చెరిపినాను.
చెరుపుతా చెరుపుతా నా కడుపు తడుముకున్నాను.

నాకు ఇరవై ఆరు.
జరమొచ్చి పడుకున్నది పదో తరగతిలో,
అదీ లెక్కల పరీక్ష పొద్దు.
రాళ్లు తిన్నా అరిగించుకుంటుందంటుంది అమ్మ.
జీతం పద్నాలుగు వేలు, కవర్లో పెట్టిస్తారు.
ఆ కవరు తప్ప నేనక్కడ పనిచేస్తున్నట్టు
ఇంకే కాగితమూ లేదు.

రాత్రి తొమ్మిదికి రూములో కూర్చుని
ఫోన్లో నా ధర వెతుకుతాను.
ఐదు లక్షలకు ఏడాదికి ఏడువేల మూడొందలు.
గది అద్దెకు హద్దు పెట్టుకుంటే ఇంకో ఏడొందలు తగ్గుతుంది.
బిల్లులో ఐదో వంతు నాదేనంటే ఇంకా తగ్గుతుంది.
ఇట్లా తగ్గించుకుంటా పోతే
చివరికి జబ్బొక్కటే నాకు మిగిలేట్టుంది.

ఒక్కసారి నంబరిచ్చిన పాపానికి
పదకొండు మంది మేడమ్ అన్నారు.
పుట్టి బుద్ధెరిగినాక
ఒక్క దినంలో ఇంతమంది
ఎట్లుండావని నన్ను అడిగింది లేదు.

టవర్ క్లాక్ దగ్గర ఫక్రుద్దీన్ సారు మాత్రం
టీ తాపించి, కండ్లద్దాలు తుడుచుకుని, ఫారం తీసినాడు.
పేరు? వన్నూరమ్మ.
ఆపరేషన్లు? లేవు. బీపీ? లేదు. ఆయాసం? లేదు.
సరుకు రాని నెల్లో రేషన్ డీలరు మాదిరి
లేదు లేదనుకుంటా పోయినాను.
అమ్మకు షుగర్?
అక్కడ ఆగినాను.
"ఉన్నది ఉన్నట్టు రాయమ్మా.
ఈ పొద్దు నువ్వు దాచింది
రేపు వాళ్లు తవ్వి తీస్తారు."
రాసినాను.

ఇంటికి చెబితే నాయన శానాసేపు మాట్లాడలే.
బీమా అంటే నాయనకు ఒక్కటే గుర్తు.
ఆ ఏడు మా చేన్లో శనక్కాయ
ఊడలు దిగకముందే మాడిపోయింది.
మండలాఫీసు కాడి వానగేజీలో మాత్రం
ముప్పై రెండు మిల్లీమీటర్లు పడిందంట.
ఎనిమిది మైళ్ల అవతల కురిసిన వానకు
మా చేను తడిసినట్టు రాసుకున్నారు.

"కట్టుకో పాపా, వద్దనను.
గేజీ యాడ పెట్టినారో మాత్రం కనుక్కో."

నవ్వొచ్చింది. సగంలోనే ఆగిపోయింది.
ఆసుపత్రుల లిస్టు తెరిచినాను.
బెంగళూరుకు వేలితో తోసేకొద్దీ పేజీలు.
అనంతపురానికి నాలుగు పేర్లు.
అందులో ఒకటి కండ్లది, ఒకటి కాన్పులది,
ఒకటి మూసేసి టైల్స్ షాపు పెట్టినారు.

మిగిలిన ఒక్కటి సాయినగర్లో.
ఆదివారం ఎండ ముదరకముందే
నా రూము నుంచి అడుగులు లెక్కపెట్టుకుంటా పోయినాను.
రెండువేల నూటపది.
కడుపు పట్టుకుని వంగి నడిస్తే
ఇంకో మున్నూరు కలుపుకోవాల.

గేటు కాడ వాచ్‌మన్ లేచినాడు. "ఏం జబ్బమ్మా?"
"ఏం లేదన్నా. దూరమెంతో చూసుకుందామని."

కట్టినాను.
జబ్బు చేస్తే మొదటి ముప్పై దినాలు చెల్లదంట.
విత్తనమేసి మొగులు చూసినట్టే.
నీళ్లు కాచుకుని తాగుతున్నాను,
పానీపూరి బండి కనపడితే రోడ్డు దాటుతున్నాను.

ఈ పొద్దుకు పందొమ్మిది.
శివలీల కుర్చీలోకి వచ్చి కూర్చుంది,
ఇంకా ఒక పక్కకు ఒరిగే.
నాకు తుమ్మొస్తే చాలు
మౌస్ వదిలేసి చెయ్యెత్తుతుంది.
"ఆపుకోవే, ఇంకా పదకొండు దినాలుంది!"